మూడు చుట్టల దూరం

గురువారం పొద్దున్న నూకరత్నం తన చిన్న డైరీలో రాసుకున్న పనులు ఇవి:

మడత యంత్రం తొట్టిలో చల్లనీళ్ళ మట్టం చూడాలి.
దారుల పట్టిక ఇంకోసారి సరిచూడాలి.
శనివారం ప్రయోగానికి కొలతల కాగితాలు సిద్ధం చెయ్యాలి.
సోమవారం మంత్రిగారి ఎదుట "ఎక్కడా దూరం పెరగలేదు" అనే ధ్రువపత్రం మీద సంతకం పెట్టాలి. పెన్నులో సిరా చూసుకోవాలి.
అమ్మకి చెప్పులు కొనాలి.

చివరి పని కింద రెండు గీతలు గీసింది. మూడు నెలల్లో ఇది నాలుగో జత. ఒక జతతో ఏడాది నెట్టుకొచ్చే మనిషి ఇన్ని చెప్పులు అరగదీస్తోందంటే దుకాణం వాడు నాసిరకం అంటగడుతున్నాడనే అనుకుంది రత్నం. హోదా చూస్తే కొలతల అధికారి. అయినా అంతకు మించి ఆలోచన సాగలేదు. తర్వాత ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తల దించుకునేది.

రత్నం పుట్టింది సముద్రం ఒడ్డున నడిపేటలో. ఆ పేటలో డిగ్రీ పుచ్చుకున్న మొదటి మనిషి ఆమే. ఉద్యోగం విశాఖపట్నానికి ఉత్తరాన, కొండవార ప్రయోగశాలలో. మడత యంత్రం పుట్టింది అక్కడే. విశాఖ నుంచి లిస్బన్ నగరానికి గాలిలో తొమ్మిది వేల కిలోమీటర్లు. మామూలు విమానానికి పదకొండు గంటలు పడుతుంది. ఈ యంత్రం ఆ రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని దగ్గరికి గుంజిపెడితే, అదే విమానం నలభై రెండు నిమిషాల్లో దిగుతుంది. మూడు నెలలుగా మంగళ, గురు, శనివారాల్లో ఒక్కో ప్రయోగ విమానం వెళ్ళి వస్తోంది. సోమవారం సంతకం పడితే ఇక రోజుకి నలభై.

గుంజిన దూరం మాయమైపోదు. యంత్రం చుట్టూ వంద కిలోమీటర్ల మేర నేలలోకి దిగి సర్దుకుంటుంది. అందుకే దారుల పట్టిక పెట్టారు. పట్టికకెక్కిన దారిని యంత్రం ముట్టుకోదు. సర్దుకునే నేల ఎంత తగ్గితే, గుంజగలిగే దూరమూ అంత తగ్గుతుంది. హైవేలు, రైలు పట్టాలు, పంచాయతీ రోడ్లు అన్నిటినీ సర్కారు పటాలు ముందేసుకుని, ఒక్కటి వదలకుండా ఎక్కించింది రత్నమే. మిగిలిందల్లా బీడు, ఇసుక, తుప్పలు.

"ఖాళీ నేల కాస్త సాగితే ఎవరికి నొప్పి రత్నం?" అనేవారు డాక్టర్ మృణాళిని. యంత్రం ఆవిడ బుర్రలోంచి పుట్టిందే. చెడ్డమనిషి కాదు. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు తడబడుతున్న పిల్లని "తెలుగులో చెప్పమ్మా, లెక్క ఏ భాషలోనైనా ఒకటే" అని కూర్చోబెట్టి ఉద్యోగమిచ్చిన మనిషి.

ఆ గురువారం మధ్యాహ్నం విమానం తిరిగొచ్చింది. పైలట్ ఒక అట్టపెట్టె దించాడు. మంచు ముక్కల మధ్య వెండిలా మెరిసే చేపలు. లిస్బన్ రేవులో ఆ పొద్దున్నే వలలోంచి తీసినవి. ప్రయోగశాలలో అందరూ చప్పట్లు కొట్టారు. మృణాళిని గారు నాలుగు చేపలు కవర్లో చుట్టి రత్నం చేతిలో పెట్టారు.

"మీ అమ్మగారికి చూపించు. చేపల సంగతి ఆవిడకంటే ఎవరికి తెలుస్తుంది?"

రత్నం తల్లి రాజులమ్మ చేపలు అమ్ముతుంది. పేట నుంచి కోటపాలెం సంతకి రోజూ తట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తుంది. కూతురికి ఉద్యోగం వచ్చాక మానెయ్యమంటే, "నువ్వు నీ ఆపీసు మానెయ్, నాను తట్ట దించుతాను" అంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు రత్నం.

సాయంత్రం రాజులమ్మ గుమ్మంలో కూర్చుని, ఆ చేప మొప్ప ఎత్తి చూసింది. లోపల మందారంలా ఎర్రగా ఉంది.

"పొద్దున్న పట్టిందే. మన కవళ్ళ జాతే గానీ మన నీళ్ళది కాదు. ఎక్కడిదే ఇది?"

"పోర్చుగల్‌దమ్మా. తొమ్మిది వేల కిలోమీటర్లు."

రాజులమ్మ తన తట్టలోంచి ఒక కవలు చేప తీసి పక్కన పెట్టింది. దాని మొప్పా ఎత్తింది. బూడిద రంగు.

"ఇదీ పొద్దున్న పట్టిందే. కోటపాలెం ఎల్లి తిరిగొచ్చినాది. 'ఏటి రాజులమ్మా, నిన్నటి సేప తెచ్చినావు' అని పదిమందిలో అనీసినారు. నలబై ఏల్లలో నన్నా మాట అన్న మనిసి లేడే." చేపని మళ్ళీ తట్టలో పడేసింది. "దారి పెరిగిపోనాది, రత్నం."

"దారి పెరగడమేంటమ్మా, నీ వయసు పెరిగింది గానీ."

గోడవార నుంచి నవ్వు వినిపించింది. మసేనమ్మ. నిప్పు కొన నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఖాళీ తట్ట మీద కూర్చుని ఉంది. రాజులమ్మకి సొంత చెల్లెలికన్నా ఎక్కువ. పదో తరగతి పరీక్షల వేళ గెడ్డ పొంగితే, పుస్తకాలు తట్టలో, పిల్లని భుజాన వేసుకుని పీకల్లోతు నీళ్ళలో దాటించింది ఆవిడే.

"వయసైతే రోజూ పెరగాల గదేటే గుంటా? ఓనాడు పెరిగి మర్నాడు తగ్గుతాదేటి?" చుట్ట నోట్లోంచి తీసింది. "పేట కాడ ముట్టించి, గెడ్డ కాడ రెండోది ముట్టించి, ఉప్పుమళ్ళ కాడ మూడోది. అది ఆరేతలికి సంత. మూడు సుట్టల దారి. మా అత్త నడిసినప్పుడూ మూడే. ఇప్పుడు సూడు. మంగలారం ఐదు సుట్టలు. బుదారం మూడు. గురువారం ఐదు. సుక్కురారం మూడు. మల్లీ సెనివారం ఐదు. సుట్టలకే సరిపోతన్నాది నా రాబడి!"

రత్నం చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. మంగళ, గురు, శని.

"పిన్నీ, మళ్ళీ చెప్పు."

"సెవుడేటే? అమ్మకి సెప్పులు కొన్నావు గదా, నీకోటి సెవి కొనుక్కో."

శనివారం రత్నం సెలవు పెట్టి వాళ్ళతో పాటు నడిచింది. నెత్తిన చుట్టకుదురు, దాని మీద చిన్న తట్ట. పదేళ్ళయింది ఆ దారిన నడిచి. జీడితోట దాటి, గెడ్డలో మోకాళ్ళ దాకా తడిసి, ఉప్పుమళ్ళ గట్టెక్కేసరికి ఎనిమిది. రెండు చుట్టలే అయ్యాయి. ఎదురుగా హైవే, దాని వెనక సంత రేకుల కప్పులు మెరుస్తున్నాయి. ఇంకొక్క చుట్ట.

"మీ ఆపీసులో దూరం తగ్గించే మిసనున్నాదంట గదే," అంది మసేనమ్మ ముందు నడుస్తూ. "మా కోడలికీ నాకూ మజ్జిన దూరం కూసింత తగ్గించమని సెప్పవే."

"నువ్వు నోరు తగ్గించు, అదే తగ్గుతాది," అంది రాజులమ్మ.

అప్పుడే కొండ వైపు నుంచి సన్నటి రొద మొదలైంది. రత్నానికి బాగా తెలిసిన చప్పుడు. యంత్రం గుంజుతోంది.

భూమి కదల్లేదు. హైవే అక్కడే ఉంది, లారీలు పోతూనే ఉన్నాయి. కానీ గట్టు తరగడం మానేసింది. అడుగు వేస్తే అడుగు పడుతోంది, ఎదుటిది మాత్రం దగ్గరికి రావడం లేదు. రత్నం ఫోన్ చూసింది. పేట నుంచి సంతకి ఎనిమిది కిలోమీటర్లేనని చూపిస్తోంది. టేపు తీసి రెండు ఉప్పుమడుల మధ్య కొలిచింది. నలభై అడుగులే. ఎన్నిసార్లు కొలిచినా నలభై అడుగులే! ఆ నలభై అడుగులు నడిస్తే మాత్రం ఊపిరి వంద అడుగులకి లెక్క చెబుతోంది. దారితో పాటు టేపూ సాగింది. మూడు నెలలుగా సాగిన నేలని సాగిన టేపుతో కొలిచి, "పెరుగుదల లేదు" అని రాస్తూ వచ్చింది తనే. సాగనివి రెండే. చుట్ట కాలే సమయం, మనిషి ఒంట్లో సత్తువ.

తొమ్మిదయ్యేసరికి ఎండ ఉప్పు మీద పడి కళ్ళలోకి కొడుతోంది. ఐదో చుట్ట వెలిగించబోతూ మసేనమ్మ ఆగింది. తట్ట దించమన్నట్టు చెయ్యి ఎత్తింది. దించేలోపే కూలబడింది.

"ఒలే మసేనూ! ఏటే? నీల్లు తాగే!"

రత్నం అంబులెన్సుకి ఫోన్ చేసింది. పావుగంటలో బండి హైవే మీద ఆగడం ముగ్గురికీ కనబడింది. గట్టు మీద అరకిలోమీటరు కూడా ఉండదు. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ పట్టుకుని దిగి పరుగందుకున్నారు. పరుగెత్తుతున్నారు, పరుగెత్తుతూనే ఉన్నారు. విమానం గాలిలోకి లేచినట్టుంది, గట్టు ఇందాకటికన్నా ఎన్నో రెట్లు సాగిపోయింది. చొక్కాల రంగు తెలుస్తోంది, మొహాలు తెలియడం లేదు. మసేనమ్మ తల రాజులమ్మ ఒళ్ళో ఉంది.

"ఆల్లేటే ఇంత నెమ్మదిగా వొస్తన్నారు," అంది మసేనమ్మ సన్నగా, వాళ్ళకేసి చూస్తూ. "బాబులికి సెప్పులు సరిలేవేమో."

అదే ఆవిడ చివరి మాట. వాళ్ళు వచ్చేసరికి గంటా పది నిమిషాలు పట్టింది. ఈలోగా రత్నం ఫోన్‌లో మృణాళిని గారి సందేశం మోగింది: "విమానం లిస్బన్‌లో దిగింది. నలభై రెండు నిమిషాలు. అభినందనలు."

అంత్యక్రియలు కాగానే రత్నం తడి బట్టలతోనే ప్రయోగశాలకి వెళ్ళింది. అంతా విని మృణాళిని గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"ఆ దారి మన పటంలో లేదు రత్నం."

"లేదు మేడమ్. పటంలో లేని దారిని నేను రాయలేదు. ఆ దారినే బడికి నడిచాను, ఆ దారిలోనే నెత్తిన తట్ట మోశాను. ఇక్కడ కుర్చీలో కూర్చునేసరికి పటంలో గీత ఉంటేనే దారి అనుకున్నాను. తప్పు నాది. సోమవారం సంతకం మాత్రం పెట్టను."

"మా తమ్ముడికి ముప్ఫై రెండేళ్ళు," అన్నారావిడ, కిటికీకేసి చూస్తూ. "గుండె మార్చాలన్నారు. సరిపోయే గుండె దొరికింది. తొమ్మిది గంటల దూరంలో. తీసిన గుండె నాలుగు గంటలకి మించి నిలవదు. ఆరోజు మొదలుపెట్టాను ఈ యంత్రం. నువ్వు ఆపితే ఇంకో తమ్ముడు పోతాడు. సంతకానికి ముందు అది కూడా ఆలోచించు."

రత్నం ఇంటికొచ్చి ఆ మాట తల్లికి చెప్పింది. రాజులమ్మ మసేనమ్మ తట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొత్త వల అల్లుతున్నట్టు దాని అంచు తడుముతోంది.

"వల ఒకపక్క గుంజితే ఏటౌద్ది?"

"ఇంకోపక్క కన్ను సాగుతుంది."

"గుంజినోడికి సేప దక్కుతాది. సాగినకాడ వల సిరుగుతాది. సిరిగే పక్క ఎప్పుడూ మనమేనేటే?" కళ్ళు తుడుచుకుంది. "ఒకడి పేణం కోసమైతే, నాను ఓ సుట్ట కాలినంతసేపు గట్టు మీద కూకుంటాను. ముందు సెప్పి అడగమను. మసేను కూడా కూకునేది. కానీ రోజుకి నలబై ఇమానాలు పేణాలకేనేటి? షోకుకైతే మాత్రం నాను కూకోను, దారియ్యను. అలాగని రాసుకో."

రాసుకోవడం అన్న మాటే రత్నం చెవిలో పడింది. దారుల పట్టిక తన చేతిలోనే ఉంది. కొలతల అధికారి ఎక్కించిన దారిని యంత్రం ముట్టుకోదు. ఏ దారి ఎక్కించాలో చెప్పే నియమం మాత్రం ఎక్కడా లేదు. పటంలో ఉన్నదే ఎక్కించాలని ఎవరూ రాయలేదు. అలా అనుకున్నది తనే.

ఆదివారం పొద్దున్న రాజులమ్మ ఇంటి ముందు తాటాకు పందిరి కింద రత్నం ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. మొదటి దారి తనే కొట్టింది: "మసేనమ్మ దారి. నడిపేట నుంచి కోటపాలెం సంత. మూడు చుట్టలు." తర్వాత పేట ఆడవాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. నీళ్ళ బావి దారి, జీడిపిక్కల దారి, అంగన్‌వాడీ అడ్డదారి. మధ్యాహ్నానికి పక్క పేటల నుంచి ఫోన్లు. ఉప్పు కూలీలు, ఇటుకబట్టీ వాళ్ళు, కొండమీది పనసచెట్ల దారిన బడికి దిగే పిల్లల తల్లులు.

"సముద్రం మీద మా దారులు రాయవేటే?" అన్నాడు పడవ నడిపే ముసలి సరంగు దానయ్య. "నీల్లని ఒగ్గీసినావంటే రేపు నీల్లు సాగదీస్తారు."

సముద్రం దారులూ ఎక్కాయి. ఒక్కో దారికీ ఒక్కో కొలత. చుట్టలు, జోలపాటలు, ఒక కుండ నీళ్ళు చల్లబడేంత సేపు. చివరి అంకె నాలుగు వేల ఆరు వందల పద్దెనిమిది.

సోమవారం ప్రయోగశాల హాల్లో పూలదండలు, కెమెరాలు. గోడ మీది బోర్డులో పెద్ద అక్షరాలు: విశాఖపట్నం – లిస్బన్, ప్రయాణ సమయం 42 నిమిషాలు. మంత్రిగారు నవ్వుతూ పెన్ను అందించారు.

"నువ్వు జాలరిపేట అమ్మాయివటగా? ఎంత గర్వకారణం! పెట్టమ్మా సంతకం."

"గర్వంగానే ఉందండీ," అంది రత్నం. "అందుకే పెట్టను."

ధ్రువపత్రం తిప్పి బల్ల మీద పెట్టింది. కంప్యూటర్ దగ్గరికి నడిచి పట్టిక తెరిచి "ఎక్కించు" నొక్కింది.

బోర్డు మీద అంకె మారింది. 42. 58. గంటా ఇరవై. ఎవరో నవ్వారు, యంత్రం పాడైందనుకుని. మూడు గంటలు. ఐదు. వెనక తలుపు దగ్గర, మసేనమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని రాజులమ్మ నిలబడి ఉంది. ఆవిడ వెనక ఇంకో ఇరవైమంది ఆడవాళ్ళు. చేప వాసన హాలంతా పరుచుకుంది. ముందువరసలో ఎవరో జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"మంచి సేపేనండి," అంది రాజులమ్మ అతనికేసి చూస్తూ. "ఈరోజు సంతకి మూడు సుట్టలే పట్టినాది. మొప్ప సూడండి."

ఎనిమిది గంటలు. పది. చివరికి బోర్డు పదకొండు గంటల దగ్గర ఆగింది.

మంత్రిగారి పక్కనున్న కార్యదర్శి గారు మృణాళిని గారికేసి తిరిగారు. "డాక్టర్, మీ సంతకంతో ఈ దారులన్నీ కొట్టేయొచ్చు కదా? వెంటనే కొట్టేయండి."

ఆవిడ లేచారు. పట్టిక మీదకి వంగారు. మొదటి వరస చదివారు, పైకే: "మసేనమ్మ దారి. మూడు చుట్టలు." పెన్ను మూత తీశారు. మళ్ళీ పెట్టేశారు.

"కొట్టేయలేనండీ," అన్నారు. "ఇవి దారులే."

రత్నాన్ని అదే రోజు ఉద్యోగం నుంచి తీసేశారు. విచారణలో "అధికార పరిధి దాటారు" అని రాశారు. "అవునండీ, ఇంతకాలం పటం దాటలేదు, అదే నా తప్పు" అని ఆమె కింద రాసి సంతకం పెట్టింది. ఇప్పుడు నడిపేట బడిలో లెక్కలు చెబుతోంది. పిల్లలు ఇంటి నుంచి బడికి దూరాన్ని వాళ్ళ ఇష్టమొచ్చిన దానితో కొలుచుకురావాలి. అదే మొదటి పాఠం.

యంత్రం మూతపడలేదు. గుండెకోసం, కాలేయం కోసం మాత్రం నెలకి ఒకటి రెండుసార్లు తిరుగుతుంది. ముందురోజు మృణాళిని గారు రాజులమ్మకి స్వయంగా ఫోన్ చేస్తారు; ఆవిడ సరేనంటేనే ఆ కాసేపటికి కొన్ని దారుల్ని పట్టికలోంచి పక్కన పెడతారు. మర్నాడు ఉప్పుమళ్ళ గట్టు మీద ఎర్రజెండా ఎగురుతుంది. ఆడవాళ్ళు తట్టలు దించి, కూర్చుని, ఒక చుట్ట ముట్టిస్తారు. "ఎవుడి గుండోగానీ సల్లగుండాల" అంటుంది రాజులమ్మ. చుట్ట ఆరాక, దారి సర్దుకున్నాక లేస్తారు.

మిగిలిన వాళ్ళకి విశాఖ నుంచి లిస్బన్‌కి పదకొండు గంటలే.

మీరెప్పుడైనా ఆ విమానం ఎక్కితే, కాళ్ళు తిమ్మిరెక్కి, వాచీ చూసుకుని "ఇంకా ఎంతసేపు" అని విసుక్కోబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ పదకొండు గంటలూ ఎవరి కాళ్ళ మీదా పడకుండా మీరే మోస్తున్నారు. కిందనెక్కడో ఒక ఉప్పుగట్టు ఉంది, దానికి ఒక పేరుంది. నలభై మూడేళ్ళు ఆ గట్టు మీద నడిచి, ఒక శనివారం పొద్దున్న సంత కళ్ళెదుట కనబడుతుండగా సంతకి చేరలేకపోయిన మనిషి పేరది. మసేనమ్మ. ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి.